ముందు ఆమెను అడగండి: క్యాన్సర్ చికిత్సలో సంరక్షణ ప్రణాళిక రాసుకునే పద్ధతి

మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి గాయం మానాక కీమో మొదలుపెడదామన్నారు డాక్టరు. అప్పటికే ఇంట్లో ఆమె పేరు మీద రెండు లావుపాటి ఫైళ్ళు తయారయ్యాయి. ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు, స్కానింగులు, రక్తపరీక్షలు, బిల్లులు అన్నీ వరుసగా ఉన్నాయి. ఆ కాగితాల్లో పెద్దమ్మ ఎత్తు, బరువు, రక్తపు గ్రూపు ఉన్నాయి కానీ, ఆమెకు ఏం కావాలో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం వరండాలో పక్కన కూర్చుని, "పెద్దమ్మా, ఈ చికిత్సలో అన్నిటికంటే నిన్ను ఎక్కువ దిగులుపెడుతున్నది ఏమిటి?" అని అడిగాను. ప్రాణభయం గురించి చెబుతుందనుకున్నాను. "జుట్టంతా రాలి దిండు మీద పడుతుందట. అదేదో ముందే స్వామికి ఇచ్చేస్తే నాకు ఈ దిగులు ఉండదు" అంది.

ఆ మాట డాక్టరుకు చెప్పాము. "కీమో ఎక్కాక ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు తగ్గుతాయి. తల మీద కత్తి గాటు పడినా ఇన్ఫెక్షన్ రావచ్చు, అంత జనంలోకీ వెళ్ళకూడదు. వెళ్ళేదేదో ఇప్పుడే వెళ్ళి రండి" అని ఆయన కీమోను నాలుగు రోజులు వాయిదా వేశారు. పెద్దమ్మ తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి, గంధం పూసిన గుండుతోనే మొదటి కీమోకు వచ్చింది. తరువాత ఎన్ని బాధలు పడినా జుట్టు గురించి మళ్ళీ ఒక్క మాట అనలేదు.

చికిత్స ప్రణాళికను డాక్టర్లు రాస్తారు. ఏ మందు, ఎన్ని సార్లు, ఎంత మోతాదు అన్నవన్నీ అందులో ఉంటాయి. సంరక్షణ ప్రణాళిక దాని పక్కన ఉండవలసిన రెండో కాగితం. చికిత్స నడిచినన్నాళ్ళూ ఆ మనిషి బతుకు ఎలా సాగాలి, ఏ బాధకు ఎవరు ఏం చేస్తారు అన్నది అందులో రాస్తాము. ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇలాంటి ప్రణాళిక అందాలని 2019లో తన దీర్ఘకాలిక ప్రణాళికలో రాసుకుంది. అక్కడ ఆ పనికి ప్రత్యేక నర్సులు ఉంటారు. మన దగ్గర కిక్కిరిసిన ఓపీలో డాక్టరు మనకు ఇవ్వగలిగేది కొన్ని నిమిషాలే. అందుకే దీన్ని ఇంట్లో మొదలుపెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళి సరిచేయించుకోవాలి. దానికి కావలసినవి వంద పేజీల నోటుపుస్తకం, ఒక పెన్ను, అడిగి వినే మనిషి.

మొదటి మెట్టు: ఆమెకు ఎంత తెలుసో తెలుసుకోండి

"అమ్మకు మాత్రం చెప్పకండి డాక్టరు గారూ." మన కుటుంబాలు డాక్టరు గది తలుపు దగ్గరే అనే మాట ఇది. ప్రేమతోనే అంటారు. కానీ రోగానికి పేరే చెప్పని మనిషితో కూర్చుని ప్రణాళిక రాయడం కుదరదు. ఆసుపత్రి బోర్డు మీద క్యాన్సర్ అని రాసి ఉంటుంది. పక్క మంచం మీది మనిషి చెబుతుంది. మనం గుసగుసలాడి చటుక్కున ఆపేసిన మాటలు ఆమె చెవిన పడుతూనే ఉంటాయి. చాలామందికి తెలిసిపోతుంది. మనకు బాధ కలగకూడదని వాళ్ళూ తెలియనట్టే ఉంటారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఏడుస్తారు. ఇంకో నష్టం కూడా ఉంది: తన నొప్పి గురించి చెబితే ఇంట్లో వాళ్ళు కంగారుపడతారని ఆమె దాన్ని దాచుకుంటుంది.

అలాగని కూర్చోబెట్టి అంతా ఒకేసారి కుమ్మరించకూడదు. ముందు "డాక్టరు చెప్పినదాంట్లో నీకు ఏం అర్థమైంది?" అని అడగండి. ఆమె చెప్పేంతవరకు ఆగండి. తరువాత, "ఇంకా వివరంగా తెలుసుకోవాలని ఉందా? లేకపోతే అన్నయ్యతో మాట్లాడితే చాలా?" అని అడగండి. కొందరు "నాకెందుకమ్మా, వాడు చూసుకుంటాడు" అంటారు. అది ఆమె నిర్ణయం, దాన్ని గౌరవించాలి. నోటుపుస్తకం మొదటి పేజీలో అదే రాయండి: "వివరాలు పెద్దబ్బాయితో మాట్లాడమని నేనే చెప్పాను." ఆమె అప్పగించిన తరువాత పెద్దబ్బాయి మాట్లాడడానికీ, అప్పగించకుండానే మాట్లాడడానికీ చాలా తేడా ఉంది. ఇంకో రోజు ఆమె మనసు మారవచ్చు, కాబట్టి మళ్ళీ అడగాలి. ఏ రోజైనా ఆమె సూటిగా "నాకు క్యాన్సరేనా?" అని అడిగితే అబద్ధం చెప్పకండి. ఒక్క అబద్ధం బయటపడినా ఆ తరువాత మీరు చెప్పే ధైర్యపు మాటలు కూడా ఆమె నమ్మదు.

రెండో మెట్టు: కూర్చోవడానికి సమయం చూసుకోండి

కీమో ఎక్కిన మొదటి నాలుగైదు రోజులు వద్దు. వాంతులు, నీరసం మధ్య ఎవరూ మనసు విప్పలేరు. తరువాతి విడతకు రెండు మూడు రోజుల ముందు సాధారణంగా ఒంట్లో కాస్త ఓపిక ఉంటుంది, అప్పుడు కూర్చోండి. అరగంట చాలు. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. ఆమె తరఫున తామే జవాబులు చెప్పే కొడుకో భర్తో ఇంట్లో ఉంటే, ఆ అరగంట వాళ్ళకు జిరాక్సుల పని అప్పగించండి.

మూడో మెట్టు: ఏమేం అడగాలి

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "ఇప్పుడు నిన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఏమిటి?" దీనికి వచ్చే జవాబును సరిదిద్దకండి. "అదేం పెద్ద విషయం, ముందు ప్రాణం చూసుకో" అన్నారంటే ఆ సంభాషణ అక్కడితో ముగిసినట్టే.

ఆ తరువాత ఒక్కొక్క వైపూ తడమండి. శరీరం సంగతి అడిగేటప్పుడు "బాగున్నావా?" అంటే "బాగానే ఉన్నాను" అన్న జవాబే వస్తుంది. కెనడాలోని ఎడ్మంటన్‌లో 1991లో ఒక పద్ధతి తయారుచేశారు. నొప్పి, అలసట, వికారం, మగత, ఆకలి, ఆయాసం, దిగులు, ఆందోళన, మొత్తం మీద ఎలా ఉందన్న భావన అనే తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా అడిగి, సున్నా నుంచి పది వరకు అంకె చెప్పించడం దాని పద్ధతి. ప్రపంచమంతటా వాడుతున్నారు. అయితే మా పెద్దమ్మకు ఈ పదికి ఎంత అన్న లెక్క నచ్చలేదు. "నొప్పి రూపాయిలో ఎంత ఉంది? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడిగితే తడుముకోకుండా చెప్పింది. ఆమె "ముప్పావలా" అన్న రోజు ఆ మాటనే తేదీ వేసి రాసి డాక్టరుకు చూపించాము. నొప్పి మాత్ర మార్చారు. రెండు నెలలుగా "కొంచెం నొప్పిగా ఉంది సార్" అన్న మాటకు జరగనిది దీనితో జరిగింది.

మనసు సంగతి అడగండి: నిద్ర పడుతోందా, రాత్రిపూట ఏం ఆలోచిస్తున్నావు, ఎవరితో మాట్లాడాలని ఉంది? దిగులు రోజుల తరబడి దిగకపోతే, చనిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే, అదే రోజు డాక్టరుకు చెప్పాలి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇంట్లో ఎవరూ నోరెత్తని విషయాలు కొన్ని ఉంటాయి. వాటికే ప్రణాళిక ఎక్కువ అవసరం. పేగు ఆపరేషన్ అయి పొట్ట మీద మలం సంచి పెట్టిన పెద్దాయన పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తాడు, ఎందుకని ఎవరూ అడగరు. రొమ్ము తీసేసిన తరువాత భర్త ముందు చీర మార్చుకోలేకపోతున్న స్త్రీ ఆ మాట కొడుకుతో చెప్పుకోలేదు. ఆడవాళ్ళను ఆడవాళ్ళే, వీలైతే ఇంటి మనుషులు కాని నర్సో కౌన్సిలరో అడగడం మంచిది. పెళ్ళి కాని వాళ్ళకు, ఇంకా పిల్లలు కావాలనుకునే వాళ్ళకు ఒక ప్రశ్న కీమో మొదలవకముందే డాక్టరు దగ్గర పెట్టాలి: ఈ మందుల వల్ల సంతాన సామర్థ్యం దెబ్బతింటుందా, ముందే వీర్యం లేదా అండాలు భద్రపరచుకోవచ్చా? మొదటి విడత ఎక్కిన తరువాత అడిగితే చాలాసార్లు ఆలస్యమవుతుంది.

నాలుగో మెట్టు: డాక్టరు దగ్గర తెచ్చుకోవలసిన జవాబులు

ఓపీకి వెళ్ళే ముందు రాత్రి ప్రశ్నలు రాసుకోండి, మూడుకు మించవద్దు. అన్నిటికంటే ముఖ్యమైనది: ఈ చికిత్స ఉద్దేశం ఏమిటి? పూర్తిగా నయం చేయడమా, అదుపులో ఉంచడమా, బాధ తగ్గించడమా? ఈ మూడింటికీ జీవితాన్ని అమర్చుకునే తీరు వేరు. ఇది తెలియకుండా పొలం అమ్మాలా వద్దా, మనవరాలి పెళ్ళి ముందుకు జరపాలా వద్దా అని ఎవరూ నిర్ణయించలేరు.

తరువాత తేదీలు. పెద్దమ్మకు మూడు వారాలకు ఒకసారి చొప్పున నాలుగు సార్లు ఎర్ర మందు (ఎర్రగా ఉండే కీమో మందు), ఆ తరువాత వారం వారం పన్నెండు సార్లు ఇంకో మందు, ఆపైన కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, చివరగా కనీసం ఐదేళ్ళు రోజుకో మాత్ర. వీటన్నిటినీ గోడ మీది తెలుగు క్యాలెండరులో గుర్తు పెట్టాము. ఎర్ర మందు ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా తగ్గే రోజులు కాబట్టి ఎర్ర పెన్నుతో గీత గీశాము. వరి నాట్లు, వరలక్ష్మీ వ్రతం, మేనకోడలి నిశ్చితార్థం ఆ గీతకు ఇవతల పడతాయా అవతల పడతాయా అన్నది అందరికీ కనిపించింది. నిశ్చితార్థం గీత మీదే పడింది. పెళ్ళివారికి విషయం చెబితే వాళ్ళే వారం జరిపారు.

ఐదో మెట్టు: కాగితం మీద పెట్టండి

అన్ని బాధలూ ఒకేసారి తీరవు. ఆమె చెప్పినవాటిలో ఏ మూడు ముందు అని ఆమెనే ఎంచుకోమనండి. ఒక్కొక్క దాని కింద ఐదు సంగతులు రాయాలి: బాధ ఏమిటి, ఆమెకు ఏం కావాలి, ఏం చేస్తాము, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా. "అందరం చూసుకుంటాము" అని రాస్తే ఆ పని ఎవరూ చేయరు. మనిషి పేరు, తేదీ ఉండాలి. బాధను ఆమె అన్న మాటల్లోనే రాయండి.

పెద్దమ్మ పుస్తకంలో ఒక పేజీ చెబుతాను. బాధ: "నా కంచం వేరు చేశారు." ఎవరో పక్కింటావిడ చెప్పిందని వదిన భయపడి పళ్ళెం, గ్లాసు పక్కన పెట్టింది. పెద్దమ్మ పైకి ఏమీ అనలేదు కానీ అన్నం తగ్గించేసింది. ఆమెకు కావలసింది: అందరితో కలిసి తినడం. చేయవలసింది: తరువాతి ఓపీకి వదినను కూడా తీసుకెళ్ళి డాక్టరు చేత చెప్పించడం. ఎవరు: నేను. ఆయన వదినకు ఓపికగా వివరించారు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. కలిసి తినవచ్చు, మనవళ్ళను ఎత్తుకోవచ్చు. కీమో ఎక్కిన తరువాత రెండు రోజులు మాత్రం మందు మూత్రంలో, వాంతిలో బయటికి వస్తుంది కాబట్టి శుభ్రం చేసేవాళ్ళు చేతి తొడుగులు వేసుకోవాలి, మరుగుదొడ్డిలో ఎక్కువ నీళ్ళు పోయాలి, గర్భిణులు ఆ పని చేయకూడదు. భయానికి సరైన హద్దు ఎక్కడుందో తెలిశాక వదిన మిగతాదంతా వదిలేసింది.

ఇంకో పేజీ గేదె గురించి. పాలు పితకడం పెద్దమ్మ ముప్పై ఏళ్ళ అలవాటు. ఎర్ర గీత రోజుల్లో పేడ, గడ్డి దుమ్ము ఉన్న కొట్టంలోకి వెళ్ళకూడదు. మానేయమంటే మాత్రం ఆమె ఊరుకోదు. చివరికి ఆ రోజుల్లో పాలు అన్నయ్య పితికేటట్టు, లెక్క రాసి పాలకేంద్రం డబ్బు తీసుకునే పని పెద్దమ్మదే అయ్యేటట్టు ఒప్పందం కుదిరింది.

తిండి విషయంలో కాస్త గట్టిగానే చెప్పాలి. పథ్యం పేరుతో వంకాయ, పెరుగు, పప్పు, గుడ్డు, మాంసం అన్నీ మాన్పించి జావ మీద పెట్టేస్తారు. చికిత్సకు తట్టుకోవాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, బాగా ఉడికిన గుడ్డు, చేప, చికెన్ ఆమెకు ఇష్టమైతే పెట్టండి. డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నవి మాత్రమే మానాలి. నోరు పూసినప్పుడు ఆవకాయ, కారం పక్కనపెట్టి, చల్లారిన పెరుగన్నం, రాగి జావ ఇవ్వండి. గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. నాటు మందు, కషాయం ఏదైనా వాడుతుంటే అదీ పుస్తకంలో రాయండి, డాక్టరుకు చూపించండి. కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని కీమో మందుతో పడవు. తిడతారని దాచడం ప్రమాదం.

ఆరో మెట్టు: తలుపు వెనక అంటించే కాగితం

ఇది పుస్తకంలో ఉంటే చాలదు. పెద్ద అక్షరాలతో రాసి అందరికీ కనిపించేచోట అంటించండి. కీమో జరుగుతున్న రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్ళాలి. పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు. తెల్లకణాలు తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో థర్మామీటరు తప్పనిసరి. వణుకు, ఆయాసం, ఆగని రక్తస్రావం, నీళ్ళు కూడా నిలవని వాంతులు, ఆగని విరేచనాలు, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, వెన్నునొప్పితో కాళ్ళు పట్టు తప్పడం లేదా మూత్రం ఆగిపోవడం కూడా అంతే అత్యవసరం.

ఆ కాగితం మీదే 108, రాత్రిపూట వచ్చే ఆటో లేదా కారు మనిషి నంబరు, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో ఉండాలి. దగ్గరి ఆసుపత్రికి వెళితే అక్కడ మొదట చెప్పవలసిన వాక్యం కూడా రాసి పెట్టండి: "ఈమె కీమో తీసుకుంటున్నారు, చివరిది ఫలానా తేదీన ఎక్కింది." పల్లె నుంచి రెండు మూడు గంటల దూరంలో చికిత్స నడుస్తుంటే, ఇలాంటి రాత్రి ఎక్కడికి వెళ్ళాలో ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఏడో మెట్టు: డబ్బు మాట దాటవేయకండి

పొలం అమ్ముతారేమో అన్న భయం మన పెద్దవాళ్ళలో రోగ భయంతో సమానంగా ఉంటుంది. అడగకపోతే చెప్పరు. చికిత్స ఆపేస్తామంటారు, కారణం మాత్రం చెప్పరు. ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు, ఏది అమ్మకూడదు అన్నది ఆమె నోటితోనే చెప్పించి రాయండి. "ఇంటి స్థలం ముట్టుకోవద్దు" అని పెద్దమ్మ చెప్పిన తరువాతే మిగతా లెక్కలు వేయగలిగాము.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో ఇప్పుడు రాజీవ్ ఆరోగ్యశ్రీగా కొనసాగుతోంది. 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పథకం అమలయ్యే ఆసుపత్రిలో రోగులకు దారి చూపే ఉద్యోగి, ఆరోగ్యమిత్ర, ఉంటారు. చికిత్స మొదలవకముందే ఆయన దగ్గర కూర్చుని అడగండి: ఏ మందులు పథకంలోకి వస్తాయి, ఏవి బయట కొనాలి, అనుమతి ఎన్ని రోజుల్లో వస్తుంది? హైదరాబాదులో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. పెద్ద ఆసుపత్రిలో మందులు నిర్ణయించాక, అవే మందులు ఇంటికి దగ్గరగా ఎక్కించుకునే వీలుందా అని తప్పక అడగండి. ఎన్నో సార్లు రాత్రి బస్సులో వాంతులు చేసుకుంటూ ప్రయాణించడం తప్పుతుంది. చికిత్సకు రైల్లో వెళ్ళే క్యాన్సర్ రోగులకు ఆసుపత్రి ధ్రువపత్రం మీద రాయితీ ఉంది, తోడు వచ్చే వారికి కూడా ఇస్తారు.

ఎనిమిదో మెట్టు: చూసుకునే మనిషికి ఒక పేజీ

సాధారణంగా భారమంతా ఒక్క కోడలి మీదో భార్య మీదో పడుతుంది. ఆమె వీపు నొప్పి గురించి ఎవరూ అడగరు. పుస్తకం వెనకవైపు నుంచి ఆమెకో పేజీ తెరవండి. వారంలో ఏ పూట ఆమెకు సెలవు, ఆ పూట ఎవరు ఉంటారు, తన బీపీ, షుగరు ఎప్పుడు చూపించుకుంటుంది? మా వదినకు ప్రతి ఆదివారం మధ్యాహ్నం పుట్టింటికి వెళ్ళి వచ్చే వీలు కావాలని రాసుకున్నాము. చిన్నన్నయ్య పట్నం నుంచి వచ్చి ఆ పూట ఉండేవాడు. డబ్బు పంపించి ఊరుకునే వాళ్ళకు కూడా ఇలా ఒక పూట అప్పగించాలి.

తొమ్మిదో మెట్టు: నయం కాదని తెలిసినప్పుడు

ప్రణాళిక అప్పుడు ఆగిపోకూడదు. నిజానికి అన్నిటికంటే ఎక్కువగా అప్పుడే కావాలి. పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడమని మన దగ్గర ఒక అపోహ ఉంది. నొప్పి, ఆయాసం, భయం తగ్గించే వైద్యం అది, మిగతా చికిత్సతో పాటే మొదలుపెట్టవచ్చు. నోటితో వేసుకునే మార్ఫిన్ తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి బాగా పనిచేస్తుంది. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అలవాటు పడిపోతారన్న భయం అక్కరలేదు. దానితో మలబద్ధకం చాలామందికి వస్తుంది కాబట్టి విరేచనానికి మందు కూడా మొదటి రోజు నుంచే రాయించుకోండి. మత్తు మందుల చట్టాన్ని 2014లో సవరించి ఇలాంటి నొప్పి మందులు ఆసుపత్రులకు సులువుగా దొరికే వీలు కల్పించారు. ఎంఎన్‌జేలో ఈ విభాగం ఉంది. హైదరాబాదులోని స్పర్శ్ హాస్పిస్ చివరి దశలో ఉన్నవారిని ఉచితంగా చూసుకుంటుంది.

ఈ పేజీలో అడగవలసినవి అడగడానికి గొంతు పెగలదు. అయినా అడగాలి. చివరి రోజులు ఇంట్లోనా, ఆసుపత్రిలోనా? వెంటిలేటర్ పెట్టాలా వద్దా? ఎవరిని చూడాలని ఉంది? తీరని మాట ఏదైనా మిగిలి ఉందా? తన తరఫున నిర్ణయించే అధికారం ఎవరికిస్తుంది? ఇలాంటి కోరికను ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని సులభం చేసింది: ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేయాలి. ఒక ప్రతి డాక్టరుకు, ఒకటి ఆ అధికారం అప్పగించిన మనిషికి ఇవ్వండి.

పదో మెట్టు: మళ్ళీ మళ్ళీ రాయండి

ప్రతి విడత కీమోకు ముందు, మందు మారినప్పుడు, స్కానింగ్ రిపోర్టు వచ్చినప్పుడు, చికిత్స ముగిసినప్పుడు పుస్తకం తెరవాలి. చికిత్స ముగిసిన రోజును చాలామంది మరచిపోతారు. ఆసుపత్రి రాకపోకలు ఆగిపోగానే చుట్టాలూ తగ్గుతారు, మళ్ళీ వస్తుందేమో అన్న భయం మాత్రం అప్పుడే పెరుగుతుంది. మాత్ర ఎన్నేళ్ళు, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఎప్పుడు, ఏ లక్షణం కనబడితే ఆగకుండా రావాలి అన్న మూడూ ఆ రోజే డాక్టరు చేత చెప్పించుకుని రాసుకోండి.

పెద్దమ్మకు వారం వారం ఎక్కిన మందు వల్ల వేళ్ళు తిమ్మిరెక్కి, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమైంది. డాక్టరుకు చెప్పాము, మోతాదు తగ్గించారు. హుక్కుల బదులు ముందువైపు జిప్పు కుట్టించాము. ఆ నెల పేజీలో ఆమె ఎంచుకున్న బాధ మాత్రం వేరు: "ముగ్గు పిండి వేళ్ళలో నిలవడం లేదు, పండగ వస్తోంది." దాని కింద ఇలా ఉంది. కావలసింది: సంక్రాంతి ముగ్గు వాకిట్లో తన చేతి మీదుగా పడాలి. ఏం చేస్తాము: వదిన చుక్కలు పెడుతుంది, పెద్దమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని వరుసలు చెబుతుంది, చివరి గీత తనే కలుపుతుంది. ఎవరు: వదిన, చిన్న మనవరాలు. ఎప్పటిలోగా: భోగి ముందు రోజు రాత్రి.